లీలారాణికి మాట రాదన్న సంగతి

నేను నెల్లిమర్లలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. బదిలీ మీద ఈ ఊరొచ్చిన రెండో వారంలోనే కనుబొమ్మలు దిద్దించుకోవడానికి లీలారాణి పార్లర్‌కి వెళ్ళాను. బస్టాపు ఎదురుగా నరసింగరావు గారి ఫ్యాన్సీ కొట్టు ఉంది. ఆ కొట్టు పక్క నుంచి ఇరుకు మెట్లెక్కితే పైన ఒకే ఒక్క గది. రెండు కుర్చీలు, నిలువెత్తు అద్దం, గోడకి చర్చి వాళ్ళు ఇచ్చిన క్యాలెండరు, కిటికీ దగ్గర ఒక టేబుల్ ఫ్యాను. అంతే పార్లరు.

కుర్చీలో కూర్చోగానే ఆవిడ నా గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. ముప్పై ఏళ్ళుంటాయి. చామనచాయ, గుండ్రటి ముఖం. నవ్వితే బుగ్గలు రెండూ పైకి లేచి కళ్ళు కనిపించవు. దారం కొస పళ్ళ మధ్య బిగించి పని మొదలుపెట్టింది. ఏ పార్లర్లోనైనా దారం పంటి కింద ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడరు కాబట్టి నాకేమీ తేడా తెలియలేదు. పని అయ్యాక దారం తీసి పడేసి, ఫోన్ అందుకుని చకచకా ఏదో కొట్టింది. ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు పలికింది. అచ్చం టీవీలో వార్తలు చదివే గొంతు.

"ఎడమపక్క కనుబొమ్మ మీ పాత పార్లరోలు పాడు సేసినారు. రెండు నెల్లు ఎవరిచేతా ముట్టించకండి. నాను సరి సేస్తాను."

వార్తలు చదివే గొంతులో మా పక్క యాస వినడం నాకదే మొదటిసారి. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడ కూడా నవ్వింది, గట్టిగా, గొంతు తెరుచుకుని. నాలోని టీచరు ఊరుకోలేదు. "మీరు 'చ' కొట్టాల్సిన చోట 'స' కొడుతున్నారండీ" అన్నాను.

ఆవిడ మళ్ళీ కొట్టింది. "సరిగా కొడితే ఇది బెజవాడ మనిషిలాగ మాటాడతాది టీచరు గారూ. అది నాను కాదు కదా."

అలా మొదలైంది మా స్నేహం.

లీలారాణికి పుట్టుకతోనే మాట రాదు. చెవులు మాత్రం పాము చెవులు. కింద కొట్టులో నరసింగరావు గారు ఫోన్లో ఎవరి మీద విసుక్కుంటున్నారో పైన కూర్చుని చెప్పేయగలదు. మాట రాదంటే చెవుడు కూడా ఉంటుందనుకోవడం మనకి అలవాటు. నేనూ ఆ సంగతి తెలిసిన కొత్తలో చేతులు తిప్పుతూ, నోరు పెద్దగా తెరిచి ఒక్కో అక్షరం పలికాను. ఆవిడ ఓపిగ్గా చూసి, "మీకు పంటి నొప్పేటి?" అని ఫోన్‌తో అడిగించింది.

ఆవిడ తండ్రి ఏసుదానం జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. తల్లి ప్రిస్కిల్లా నాలుగేళ్ళ క్రితం పోయింది. చిన్నప్పటి సంగతులు నాకు సగం లీలారాణి ఫోన్ చెప్పింది, సగం ఏసుదానం చెప్పాడు. మూడేళ్ళు నిండినా పిల్లకి మాటలు రాకపోతే, కొందరికి ఆలస్యంగా వస్తాయిలే అన్నారు అందరూ. ఆరో ఏట ఒక సంగతి జరిగింది. వీధిలో ఆడుకుంటున్న పిల్ల నెత్తి మీదకి పక్కింటి గోడ మీంచి కోడిపుంజు దూకింది. పిల్ల "ఓలమ్మో!" అని కేక పెట్టింది. స్పష్టంగా, పెద్దవాళ్ళు అన్నట్టుగా.

వీధి వీధంతా వచ్చేసింది. ప్రిస్కిల్లా కూతుర్ని ఎత్తుకుని ఏడ్చింది. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. వారం రోజులపాటు వచ్చినవాళ్ళల్లా పిల్ల గడ్డం పట్టుకుని "అమ్మా, ఇంకోపాలి అనమ్మా, ఓలమ్మో అను" అని బతిమాలారు. పిల్ల నోరు తెరిచేది, మూసేది. ఏమీ రాలేదు. అప్పుడు వీధి ఒక నిర్ణయానికి వచ్చింది. మాట వచ్చును, మొండిగుంట, కావాలనే మాటాడదు.

ఆ ఒక్క మాట ఆవిడని పాతికేళ్ళ పాటు ఇబ్బంది పెట్టింది. పూర్తిగా రాకపోయినా బాగుండేది.

బడిలో మరీ చిత్రం. మూడో తరగతి మాస్టారు ఒకాయన, పేరు పిలిస్తే నోటితో పలకని వాళ్ళకి హాజరు వెయ్యనన్నాడు. లీలారాణి చెయ్యెత్తింది. చెయ్యి కుదరదన్నాడు. లేచి నిలబడింది. అదీ కుదరదన్నాడు. నెల రోజులు మొదటి బెంచీలో, ఆయన కళ్ళెదురుగా కూర్చుని, పట్టీలో మాత్రం బడికి రాని పిల్లగా ఉండిపోయింది. ఆ సంగతి తెలిసి ఏసుదానం షిఫ్టు దిగి, క్యారేజీ చేతిలోనే ఉండగా, తిన్నగా బడికి వెళ్ళాడు.

"మాస్టారూ, మా గుంట రోజూ బడికొస్తన్నాది. మీ పుస్తకంలోకే రావట్నేదు. పుస్తకం సరి సేసుకోండి" అన్నాడట.

"దానికి మాటొచ్చునంట కదా? మీ వీధోళ్ళే చెప్పారు."

"మా వీధోళ్ళకి ఆ మాట వినబడినాది. నాకు మా గుంట ముఖం కనబడతాది. కడుపు నొప్పొచ్చిన రోజున నాకు సెప్పాలని నోరు తెరిసి తెరిసి సూసినాది మాస్టారూ. సెప్పగలిగితే సెప్పేసును కదేటి? నొప్పొచ్చినప్పుడు ఎవరైనా మొండితనం సేస్తారేటి?"

మాస్టారు పట్టీ సరిచేశాడు గానీ నమ్మలేదు. లీలారాణి పదో తరగతి పాసయింది. తర్వాత విజయనగరంలో మూడు నెలల బ్యూటీషియన్ కోర్సు చేసింది. ఆ చేతిలో ఏముందో గానీ దారం చర్మానికి తగిలినట్టే ఉండదు. పెళ్ళికూతుళ్ళని తయారు చెయ్యడానికి పొందూరు నుంచి, చీపురుపల్లి నుంచి కూడా పిలిచేవారు.

మాట ఎందుకు రాదని నేను ఒకసారి అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి కొట్టింది. "లోపల అన్నీ ఉన్నాయి. నోటికి పంపితే నోరు ఇంకేటో సేస్తాది. బాగా జడిసినప్పుడు మాత్రం నన్ను అడక్కుండా అదే వచ్చేస్తాది. ఇప్పటికి పదకొండు మాట్లు వచ్చినాది. పదకొండూ ఓలమ్మోలే."

పన్నెండోది పోయిన ఏడాది వచ్చింది.

వికలాంగుల సర్టిఫికెట్లు మళ్ళీ పరీక్ష చేస్తున్నామని ఆవిడకి కాగితం వచ్చింది. తండ్రీ కూతుళ్ళు వెళ్ళారు. ఏ ఆసుపత్రో ఇక్కడ చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు. వరండా చివరి దాకా జనం. డాక్టరు కుర్రవాడు, ఉదయం నుంచి నీళ్ళు కూడా తాగి ఉండడు. ముందు చెవుల పరీక్ష చేశారు, బ్రహ్మాండంగా ఉన్నాయి. గొంతులోకి లైటు వేసి చూశారు, అదీ బాగుంది.

"అన్నీ బాగున్నాయి. మరి ఎందుకు మాట్లాడవమ్మా?" అన్నాడు డాక్టరు.

లీలారాణి ఫోన్ తీసింది.

"ఫోన్ వద్దు. నోటితో చెప్పు."

సరిగ్గా అప్పుడు, పైన ట్యూబులైటు పట్టీ వెనక నుంచి ఒక బల్లి ఆవిడ భుజం మీద పడింది.

"ఓలమ్మో!"

వరండాలో వాళ్ళంతా ఒక్కసారిగా ఇటు తిరిగారు. వరసలో ఉన్న ఒక ముసలావిడ మాత్రం, "బుజం మీద పడితే నగలొస్తాయే అమ్మా, మంచిదే" అంది. అది విని లీలారాణికి నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. కుర్చీ పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వింది. నవ్వకుండా ఉంటే ఏమయ్యేదో తెలియదు. డాక్టరు ఆవిడ వంక చూసి, తల ఊపి, కాగితం మీద 'మాట్లాడగలదు' అని రాసేశాడు. సర్టిఫికెట్ రద్దయింది.

అక్కడితో అయిపోలేదు. వరసలో ఎవరో, ఎంతసేపు నిలబెడుతున్నారో చూపించడానికి వీడియో తీసుకుంటున్నారు. అందులో బల్లి కనబడలేదు. డాక్టరు 'నోటితో చెప్పు' అనడం, ఆవిడ 'ఓలమ్మో' అనడం, తర్వాత పగలబడి నవ్వడం మాత్రం శుభ్రంగా పడ్డాయి. 'మూగ నాటకం' అని పేరు పెట్టి వదిలారు. రెండో రోజుకల్లా నెల్లిమర్లలో ఆ వీడియో లేని ఫోను లేదు.

మా స్టాఫ్‌రూములో నేనూ చూశాను. మూడుసార్లు చూశాను. నిజం చెప్పాలి, నాకూ అనుమానం వచ్చింది. సాయంత్రం పార్లర్‌కి వెళ్ళాను. ఎవరూ లేరు. నేను నెమ్మదిగా, "లీలా, ఒక్కసారి ప్రయత్నించి చూడకూడదూ? ఇక్కడెవరూ లేరు కదా" అన్నాను.

ఆవిడ చేతిలో దువ్వెన బల్ల మీద పెట్టింది. నిటారుగా కూర్చుని నోరు తెరిచింది. పెదవులు ఒక పక్కకి వెళ్ళాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. నాలుక ఎటు వెళ్ళాలో తెలియనట్టు కొట్టుకుంది. ఊపిరి ఒకటే బయటికొచ్చింది, మాట లేకుండా. పై పెదవి మీద చెమట పట్టింది. అర నిమిషం అలా పెనుగులాడి, ఆపి, మొహం తుడుచుకుని ఫోన్ తీసుకుంది.

"సూసినారా టీచరు గారూ? ఇప్పుడు నమ్మకం కలిగినాదా? ఇది కూడా నాటకమేనా?"

వార్తలు చదివే గొంతుకి కోపం రాదు. ఆ ప్రశ్న మాత్రం నాకు సూటిగా తగిలింది. తప్పయిపోయిందన్నాను. "టీ తాగుతారేటి?" అని ఫోన్ అడిగింది. తాగాను.

నేను ఒక్కదాన్నే అయితే ఫర్వాలేదు. పార్లర్‌కొచ్చిన అమ్మాయిలు ఆవిడని జడిపించి మాట రప్పించాలని కుర్చీ వెనక నక్కి స్టీలు పళ్ళేలు పడేసేవారు. ఆవిడ ఉలిక్కిపడేది గానీ నోట్లోంచి ఏమీ వచ్చేది కాదు. ఒకామె రబ్బరు బల్లి తెచ్చి ఒళ్ళో పడేసింది. లీలారాణి దాన్ని పరీక్షగా చూసి, బొట్టు పెట్టి, అద్దానికి అంటించింది. పెళ్ళి పనులు రెండు వెనక్కి పోయాయి. మాట వచ్చీ రానట్టు నటించేది మన ఇంటికొచ్చి ఏం చూసి వెళ్తుందో అని ఒక పెళ్ళికూతురి తల్లి అందట.

అన్నింటికంటే పెద్ద గొడవ గౌరి గారిది. ఆవిడ కింద కొట్టు నరసింగరావు గారి భార్య. ఆరేళ్ళుగా లీలారాణి దగ్గరే కనుబొమ్మలు, ఫేషియలూ. ఆ ఆదివారం నేను రెండో కుర్చీలో ముల్తానీ మట్టి పూయించుకుని కూర్చున్నాను. మట్టి ఆరుతోంది, పెదవి కదపకూడదు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది గౌరి గారు.

"ఏటే లీలా, నీకు వినబడతాదంట కదా!"

లీలారాణి తలూపింది.

"ఆరేళ్ళ నుంచీ వినబడతాదేటి?"

"పుట్టినప్పటి నుంచీ పిన్నిగారూ" అంది ఫోన్. "మొదటి రోజే మీకు సెప్పినాను. మీరు పాపం సెవిటిదని నా సెవిలో అరిసినారు."

గౌరి గారు కుర్చీలో కూలబడింది. "ఓలమ్మ! నా ఇంటి గుట్టంతా నీ ముందర కక్కేసినాను కదే. మా కోడలి సంగతులు ఎవరికైనా సెప్పినావా?"

"మాట రాదు కదా పిన్నిగారూ."

"వచ్చునని వీడియోలో సూసినాను! మాట దాసుకుని ఊరందరి కబుర్లూ విన్నావు. నాటకాలు!"

లీలారాణి ఈసారి నెమ్మదిగా కొట్టింది. "వస్తే ఆగుతానేటి? మీ కోడలు కూడా ఇక్కడికే వస్తాది. ఆవిడ సెప్పినవి మీకెప్పుడైనా సెప్పినానా?"

గౌరి గారి కోపం సగంలో ఆగిపోయింది. ముందుకు వంగింది. గొంతు తగ్గించింది. "అదేటి సెప్పినాది?"

లీలారాణి రెండు వేళ్ళతో పెదవులు జిప్పు వేసినట్టు లాక్కుంది.

నాకు నవ్వొచ్చి ముఖమ్మీద మట్టంతా బీటలు వారింది. గౌరి గారు నన్నూ ఆవిడనీ చూసి, విసవిసా మెట్లు దిగి వెళ్ళిపోయింది. రెండు నెలలు పైకి రాలేదు.

ఆ సాయంత్రం మట్టి కడుగుతూ లీలారాణి నవ్వుతూనే ఉంది. తర్వాత చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. "మాట రాకపోడం నాకు అలవాటే టీచరు గారూ. మాట రాదని సెప్తే నమ్మకపోడం ఎంతకీ అలవాటవట్నేదు" అంది.

అప్పీలు చేద్దామన్నాను. అర్జీ నేనే రాశాను. తెలుగు టీచర్ని కదా, బాగా కరిగిపోయేలా రాశాను. 'నిస్సహాయురాలు', 'అభాగ్యురాలు', 'మీ దయ' అన్నీ వేశాను. ఆవిడ చదివి, నా చేతిలో ఎర్ర పెన్ను తీసుకుని మూడూ కొట్టేసింది.

"నాను అభాగ్యురాలినేటి? మీ ఎడమ కనుబొమ్మ ఎవరు బాగు సేసినారు?"

చివరికి అర్జీలో ఆరు వాక్యాలు మిగిలాయి. అన్నీ నిజాలే.

విజయనగరంలో హర్షిత అని స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి ఉందని తెలిసి ఏసుదానంతో కలిసి వెళ్ళాం. పాతికేళ్ళుంటాయేమో, చేతినిండా పిల్లల బొమ్మలు. "నాలుక బయటికి పెట్టండక్కా" అంది. లీలారాణి ఎంత ప్రయత్నించినా నాలుక పళ్ళు దాటలేదు. "బుగ్గలు పూరించండి" అంది. కుదరలేదు. అప్పుడు హర్షిత చెంచాతో తేనె తీసి ఆవిడ పై పెదవి మీద రాసింది. నాలుక దానంతటదే బయటికొచ్చి శుభ్రంగా నాకేసింది. హర్షిత చప్పట్లు కొట్టింది.

"చూశారా? నోటికి బలం ఉంది, గొంతు ఉంది. కావాలని చెయ్యబోతేనే మెదడు పంపిన కబురు నోటికి సరిగా అందదు. దానంతటది వచ్చేది వచ్చేస్తుంది. ఇది మొండితనం కాదు, నాటకం కాదు. దీనికొక పేరుంది, పుస్తకాల్లో ఉంది. చిన్నప్పుడే ఎవరైనా తెలుసుకుని ఉంటే..."

ఏసుదానం గోడ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. లీలారాణి తేనె సీసా చూపిస్తూ "ఇంకోపాలి పరీక్ష సేస్తారేటి?" అని కొట్టింది.

హర్షిత రెండు పేజీల ఉత్తరం రాసిచ్చింది. నాలుగు నెలలకి అప్పీలు బోర్డు నుంచి పిలుపు వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండగా నెరిసిన మీసాల పెద్ద డాక్టరు గారు మా ముందు నుంచి లోపలికి వెళ్తూ రెండుసార్లు గట్టిగా తుమ్మారు.

లోపల ముగ్గురు డాక్టర్లున్నారు. ఆ పెద్దాయన మధ్యలో, ఒక పక్క ఒకావిడ. ఉత్తరం చదివారు. తర్వాత పెద్దాయన ఫోన్లో ఆ వీడియో పెట్టి చూశారు.

"ఉత్తరం బాగానే ఉంది. కానీ ఇందులో మాట స్పష్టంగా వచ్చింది కదమ్మా. ఒకసారి వచ్చిన మాట మళ్ళీ ఎందుకు రాదు?"

నేను నోరు తెరవబోయాను. లీలారాణి నా మోచెయ్యి నొక్కింది. ఫోన్ తీసి కొట్టింది. ఆ గదిలో వార్తల గొంతు చాలా మర్యాదగా పలికింది.

"సార్, ఒకసారి తుమ్మండి."

ఏసుదానం గుండెలు పట్టుకున్నాడు. "ఓసి, పెద్ద డాక్టరు గారితోటి అలగేటే..."

"ఏమిటీ?" అన్నారు పెద్దాయన.

"ఒకసారి తుమ్మండి సార్."

"ఇప్పుడా? ఇప్పుడు తుమ్ము రావడం లేదు."

"ఇందాక వరండాలో రెండు మాట్లు వచ్చినాది. నాను ఇన్నాను. తుమ్మడం మీకొచ్చు కదా?"

పక్కనున్న డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన నిజంగానే ముక్కు ఎగబీల్చి చూశారు. రాలేదు.

లీలారాణి కొడుతోంది. ఆయన ఆగారు. అది నేను గమనించాను. ఫోన్ వద్దనలేదు, తండ్రి వైపు తిరిగి అడగలేదు, గడియారం చూడలేదు. ఆవిడ వేలు ఆగేదాకా ఆగారు.

"నా ఓలమ్మో కూడా అలగే వస్తాది సార్. దానికి రావాలనిపిస్తే వస్తాది. నాను పిలిస్తే రాదు. ముప్పై ఏళ్ళ నుంచి పిలస్తన్నాను."

ఆయన హర్షిత ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివారు. నాలుక పెట్టించి చూశారు, బుగ్గలు పూరించమన్నారు. ఆవిడ పని గురించి, రోజూ ఎవరితో ఎలా మాట్లాడుతుందో గురించి ఆవిడనే అడిగారు. ప్రతిసారీ ఆగారు. చివరికి పక్కవాళ్ళిద్దరితో నెమ్మదిగా మాట్లాడి కాగితం మీద రాశారు. ఈసారి ఏం రాశారో పైకి చదివి వినిపించారు. సర్టిఫికెట్ మళ్ళీ ఇస్తున్నామన్నారు.

బయటికొచ్చాక ఏసుదానం కూతురి నెత్తి మీద మొట్టికాయ వేశాడు. "డాక్టరు గారిని తుమ్మమంటావేటే గుంటా!" అని, ఆ చేత్తోనే తల నిమిరాడు.

సర్టిఫికెట్ రాగానే ఊరంతా నమ్మేసిందని కాదు. వీడియో వెళ్ళినంత వేగంగా కాగితం వెళ్ళదు. మా స్టాఫ్‌రూములో చూపించాను. కొందరు అయ్యో అనుకున్నారు. ఒకాయన 'డాక్టర్లని కూడా మేనేజ్ చేసేశారు' అన్నాడు. ఆయన ఇప్పటికీ అదే అంటాడు. ఒక మనిషి చెప్పిన మాట నమ్మడానికి ఇన్ని సంతకాలు కావాలా అని మొదట్లో నాకు ఉక్రోషం వచ్చేది. తర్వాత నేనూ ఆ సాయంత్రం అడిగిన మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

గౌరి గారు మాత్రం కాగితం రాకముందే తిరిగొచ్చింది. రెండు నెలలు వేరే పార్లర్‌కి వెళ్ళి, ఒక కనుబొమ్మ పొడుగు, ఒకటి పొట్టి చేయించుకుని వచ్చింది. "నీకు మాటొచ్చో రాదో ఆ దేవుడికే ఎరుక. ముందు ఇది సరి సెయ్యి" అని కూర్చుంది. లీలారాణి దారం పంటికి బిగించింది. నెమ్మదిగా పాత పనులన్నీ వచ్చాయి. కొత్తవీ వచ్చాయి.

అందులో ఒకటి ఈ మే నెలలో కళింగపట్నంలో పెళ్ళి. పడవల వాళ్ళ ఇల్లు. నాకు సెలవులు కదా, సామాను పెట్టె మోయడానికి నేనూ వెళ్ళాను. తెల్లవారకముందే చేరాం. ముహూర్తం పొద్దున్నే. సముద్రం గాలికి పూలు నిలవడం లేదు, పిన్నులు నిలవడం లేదు. లీలారాణి కిటికీకి చాప అడ్డం కట్టించి పని మొదలుపెట్టింది.

పెళ్ళికూతురి నాయనమ్మ పేరు గురమ్మ. పొట్టి మనిషి, కాళ్ళకి ఇసక, చేతులకి ఎండు చేపల వాసన. ఆవిడ మనవరాలి పక్కన చేరి లీలారాణిని వరసగా ప్రశ్నలు వేసింది. ఏ ఊరు, ఏ ఇంటోళ్ళు, అమ్మా నాన్నా ఏం చేస్తారు. లీలారాణి నోటినిండా పిన్నులు. జవాబు రాకపోయేసరికి గురమ్మ నా వైపు తిరిగింది.

"ఏటి, పలకదు?"

"ఆవిడకి మాట రాదమ్మా. అంటే వినపడుతుంది, అంతా అర్థమవుతుంది. మాట మాత్రం నోటికి..." అని మొదలుపెట్టాను. అలవాటైపోయింది నాకు. సర్టిఫికెట్ ఉంది, విజయనగరంలో స్పీచ్ థెరపీ అమ్మాయి కూడా చూసింది, నాటకం కాదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాను.

గురమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"రాదంటే రాదు. దానికింత కథ సెప్పాలేటి?" అని లీలారాణి వైపు తిరిగింది. "ఒలే అమ్మీ, ఇనబడతాది కదా? జడ బేగి ఎయ్యి. పంతులు గారు తొందర పడతన్నారు. అయినాక సందువా సేపల పులుసుంది, తినకుండా ఎల్లకు."

లీలారాణి చేతులు ఒక్క క్షణం ఆగాయి. అద్దంలోంచి గురమ్మని చూసింది. తర్వాత నోట్లో పిన్నులు తీసి ఒళ్ళో పెట్టుకుని, బుగ్గలు పైకి లేచి కళ్ళు మూసుకుపోయేలా నవ్వింది. పెళ్ళికూతురు ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది.

జడ పది నిమిషాల్లో అయిపోయింది. పెళ్ళయ్యాక గురమ్మ మమ్మల్ని తన పక్కనే కూర్చోబెట్టుకుని పులుసు వడ్డించింది. లీలారాణి మూడుసార్లు వేయించుకుంది. గురమ్మ ఊరి సంగతులన్నీ చెబుతూనే ఉంది, వలల సంగతి, కోడళ్ళ సంగతి, మోకాళ్ళ నొప్పుల సంగతి. లీలారాణి ఎడమ చేత్తో ఫోన్ మీద జవాబులు కొడుతూ, కుడి చేత్తో ముళ్ళు తీసుకుంటూ తింటోంది.